ఋషికుల్య మొగ: సముద్రపు తాబేళ్ళు, తీరపు తెలుగువారు

భారతదేశమున నేడు నూరింటికి పైగా జాతీయోద్యానములును, ఐదువందలకు పైగా అభయారణ్యములును కలవు. గిర్ అడవిలోని సింహములను, కాజీరంగాలోని ఖడ్గమృగములను, బందీపురములోని ఏనుగులను చూచుటకై ఏటేట లక్షలాది యాత్రికులు పోవుచున్నారు. ఇవన్నియు శాసనముచే ఎల్లలు గీయబడిన తావులు. ద్వారమున కావలివారుందురు, ప్రవేశమునకు రుసుము చెల్లింపవలెను. అయితే అభయారణ్యమను పేరు లేకపోయినను అభయారణ్యమువలెనే నడచుచున్న తావులు మన దేశమున కొన్ని కలవు. అట్టివానిలో మిక్కిలి గొప్పది ఒడిశా రాష్ట్రమున, గంజాం జిల్లాలో, ఋషికుల్యా నది సముద్రమున కలియు మొగ. దానిని గూర్చి తెలుగువారు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన కారణమొకటి కలదు. ఆ తీరమును కాచుచున్న జాలరిపల్లెలలో పెక్కింట ఇంటిభాష తెలుగు.

గంజాం సీమ 1936వ సంవత్సరమున ఒడిశా రాష్ట్రమేర్పడు వరకు చెన్నరాజధానిలోనిదే. ఎల్లలు మారినవి కాని సముద్రము మారలేదు. సముద్రము నమ్ముకొన్నవారును మారలేదు. ఉత్తరాంధ్ర తీరమునుండి గోపాలపురము, పూరీల వరకు వ్యాపించియున్న ఈ తెలుగు జాలరులను ఒడియావారు నోళియాలందురు. పూరీకి పోయి సముద్రస్నానము చేసినవారు, కోసుటోపీ ధరించి యాత్రికుల చేయి పట్టుకొని అలలు దాటించు మనుష్యులను చూచియేయుందురు. వారే వీరు. ఋషికుల్య మొగయొద్దనున్న పురుణబంధ, గోఖరకుద, పొదంపేట అను పల్లెలు కలకత్తా చెన్నపట్టణముల జాతీయమార్గమునకు చేరువనే యున్నవి. బరంపురమునుండి ఇంచుమించు గంటసేపటి ప్రయాణము. గాలులకును, నీటిపోకలకును ఈ పల్లెలవారు వాడు తెలుగు మాటలలో కొన్ని ఏ నిఘంటువునకును ఎక్కలేదనుట అతిశయోక్తి కాదు. ఆ సంగతి వేరొక వ్యాసమునకు తగినది.

ఒడిశా తీరమున సముద్రపు తాబేళ్ళు గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టు ప్రసిద్ధస్థలములు మూడు. గహిరమాథా 1974లోను, దేవీనది మొగ 1981లోను, ఋషికుల్య మొగ 1994లోను శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినవి. వీనిని వారు కనుగొన్నారని వ్రాయుట వాడుక. అయితే కనుగొనుట యను మాటను ఇచ్చట కొంత జాగ్రత్తగా గ్రహింపవలెను. తమ యింటిముంగిట లక్షల తాబేళ్ళు వచ్చిపోవుచుండగా పల్లెవారు చూడకయుందురా? లోకమునకు తెలియుట 1994లో. ఇసుకకు తెలియుట ఎన్నటినుండియో.

ఈ తాబేలు పేరు ఆలివ్ రిడ్లే. సముద్రపు తాబేళ్ళలో చిన్నజాతులలోనిది. పెరిగినది 35 మొదలు 45 కిలోల వరకు తూగును. మగది పుట్టిన పిమ్మట మరల నేలను త్రొక్కదనియే చెప్పవచ్చును. ఆడుది గ్రుడ్లు పెట్టుటకు మాత్రము ఒడ్డునకు వచ్చును. సాధారణముగా ఫిబ్రవరి, మార్చి మాసములలో, దక్షిణపు గాలి బలముగా వీచు రాత్రులలో ఈ రాక మొదలగును. మొదట పదులు, తరువాత వందలు, ఆపైని వేలు. గుంపులు వచ్చు ఆ కొలది దినములలో ఇసుకపై కాలు మోపుటకు చోటుండదు. 2025వ సంవత్సరము ఫిబ్రవరిలో ఋషికుల్య మొగయొద్ద సుమారు 7 లక్షల తాబేళ్ళు గ్రుడ్లు పెట్టినవని లెక్క తేలినది. అయితే ఇది ఏటేట తప్పక జరుగునని నమ్ముటకు వీలులేదు. కొన్ని సంవత్సరములలో గుంపు రానేరాదు; యాత్రికుడు చలిలో కూర్చుండి సముద్రమును చూచి మరలిపోవలసినదే.

తల్లి వెనుకకాళ్ళతో మూరెడు లోతున కుండవంటి గోతిని త్రవ్వి, నూరు గ్రుడ్లకు అటునిటుగా పెట్టును. పిమ్మట ఇసుక కప్పి, తన శరీరమునే దిమ్మిసగా చేసి, ఇటునటు ఊగుచు ఆ చోటును గట్టిపరచును. ఆ సమయమున దాని కన్నులవెంట నీరు కారుచుండును. ప్రసవవేదనచే ఏడ్చుచున్నదని చూచినవారు జాలిపడుదురు. నిజమునకు అది ఒడలిలో చేరిన ఉప్పును వెలికి పంపు గ్రంథుల పని. సముద్రములోనున్నప్పుడును అది జరుగుచునే యుండును. పని ముగియగానే తల్లి తిరిగి చూడక సముద్రమును చేరును. తరువాతి భారమంతయు ఇసుకది, ఎండది. సుమారు 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. గ్రుడ్డులోనున్నది ఆడుదో మగదో నిర్ణయించునది ఇసుక వేడి: సుమారు 29 డిగ్రీలకు తగ్గినచో మగవి, మించినచో ఆడువి అధికముగా పుట్టును. భూమి వేడెక్కుచున్న ఈ దినములలో శాస్త్రజ్ఞులు దీనిని గూర్చి కలతపడుట సహజమే.

పుట్టిన పిల్ల వెలుగున్న దిక్కునకు నడచును. అనాదిగా రాత్రివేళ సముద్రతీరమున వెలుగున్న దిక్కు సముద్రమే. నక్షత్రముల కాంతి నీటిపై మెరయును, నేల చీకటిగానుండును. నేడు ఆ క్రమము తలక్రిందులైనది. రాజమార్గపు దీపములు, కర్మాగారముల దీపములు, భోజనశాలల దీపములు నేలవైపున వెలుగుచున్నవి. పిల్లలు వానిని చూచి సముద్రమునకు వెన్నుజూపి నడచి, కుక్కలకును కాకులకును ఆహారమగుచున్నవి, లేక బండ్లక్రింద నలిగిపోవుచున్నవి. అసలే వేయింటిలో ఒకటి పెరిగి పెద్దదగునని పెద్దలందురు. అట్టిచో ఒక దీపము చేయు నష్టమెంతటిదో ఊహించుకొనవచ్చును.

ఇచ్చటనే పల్లెవారి పని కనవచ్చును. గ్రుడ్లు పెట్టు కాలమునకు ముందు తీరమునందలి చెత్తను, తెగిన వలలను ఏరివేయుదురు. నెలన్నర గడచిన పిమ్మట అటవీశాఖవారితో కలిసి ఇసుకతిన్నెల వెనుక పొడుగుననే వలలు కట్టుదురు. దారితప్పిన పిల్లలు ఆ వలయొద్ద ఆగును. వానిని బొక్కెనలలో ఏరి తెల్లవారకముందే నీటి అంచున విడిచెదరు. రాత్రులు మేల్కొని కుక్కలను, నక్కలను తరుముదురు. చేపలు పట్టుటకు పుట్టిన వల తాబేలుపిల్లను కాచుటకు ఉపయోగపడుట చూడదగిన వింతయే. పల్లెల యువకులు దీనికై సంఘముగా కూడియున్నారు. తాబేలు కూర్మావతారమను భావన జాలరులలో పూర్వమునుండి కలదు. శ్రీకూర్మక్షేత్రము గల శ్రీకాకుళసీమ వీరి పూర్వుల నాటి త్రోవలోనిదే కదా. కాని భక్తి యొక్కటే రాత్రులు మేల్కొలుపునని తలచుట అమాయకత్వము. ఆ ఇసుక తమదను అభిమానము కూడ అందు కలదు.

ఈ అభిమానమునకు వారు చెల్లించుచున్న వెల సామాన్యమైనది కాదు. 1970ల నడిమి వరకు గహిరమాథా ప్రాంతమునుండి తాబేలు గ్రుడ్లు పడవలకొలది కలకత్తాకు పోవుచుండెడివి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ శాసనము తాబేలును మొదటి పట్టికలో చేర్చిన పిమ్మట ఆ వర్తకము క్రమముగా అణగినది. తరువాత వచ్చిన ఆపద ట్రాలరు. సముద్రగర్భమును ఊడ్చుకొనిపోవు దాని వలలో చిక్కిన తాబేలు ఊపిరికై పైకి రాలేక చచ్చును. ఏటేట వేలకొలది కళేబరములు ఒడ్డునకు కొట్టుకొనివచ్చుచుండుటచే ప్రభుత్వము ధామ్రా, దేవి, ఋషికుల్య మొగలయొద్ద తీరమునుండి 20 కిలోమీటర్ల మేర నవంబరు 1 మొదలు మే 31 వరకు చేపల వేటను నిషేధించుచున్నది. దానిపై తూర్పుతీరమంతటికిని ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరియొక నిషేధము కలదు. రెండును కలిపి చూచిన, ఏడున్నర మాసములు.

నిషేధము యొక్క ముఖ్యోద్దేశము ట్రాలర్లను ఆపుట. అయితే ట్రాలరు యజమాని దూరపు రేవులోనుండి మరియొక చోట వేటాడగలడు. పల్లెజాలరి ఎచ్చటికి పోవును? ఒకప్పుడు తెడ్డు వేసి నడపిన తెప్పకు బదులు నేడు మోటారు బిగించిన ఫైబరు పడవ వచ్చినది. పడవకు మోటారున్నదను ఒక్క కారణముచే అతడును ఆంక్షల వలలో పడుచున్నాడు. ప్రభుత్వమిచ్చు జీవనభృతి కొంత ఊరట, వేటకు సాటిరాదు. దానికితోడు మొగ స్థానము మారుచుండుటచేతను, కడలి కోతచేతను ఇసుకమేటలు కరగిపోవుచున్నవి. పొదంపేటలో ఇండ్లను సముద్రము మ్రింగగా అనేకులు చోటు విడువవలసి వచ్చినది. తాబేలుకును జాలరికిని ఇంటి కష్టము ఒక్కటియే యైనది.

ఇట్టి తీరమునకు నేడు యాత్రికులు గుంపులుగా వచ్చుచున్నారు. రైలున్నది, రాజమార్గమున్నది, చిలక సరస్సు సమీపముననే యున్నది. గహిరమాథా దూరము, ప్రవేశమును కష్టము. ఋషికుల్య చేరువ, శాసనపుటెల్లలు లేని బహిరంగ తీరము. అదియే దాని ఆకర్షణ, అదియే దాని అపాయము. జనము మితిమీరినచో ఏమగునో చెప్పుటకు కోస్టారికా దేశమునందలి ఓస్టియొనాల్ తీరమే నిదర్శనము. 2015 సెప్టెంబరులో అచ్చట జనము త్రొక్కిడికి దారిలేక తాబేళ్ళు గ్రుడ్లు పెట్టకయే వెనుదిరిగినవి. ఋషికుల్యకు పోవువారు కొన్ని నియమములు పాటింపవలెను. అటవీశాఖవారి అనుమతియు, పల్లెవాని తోడును లేక రాత్రివేళ ఇసుకపైకి దిగరాదు. తెల్లని దీపము వెలిగింపరాదు. ఛాయాచిత్రమునకై మెరుపుదీపము అసలే కూడదు. నీటినుండి వచ్చుచున్న తాబేలు ఎదుట నిలువక, వెనుకవైపున దూరముగా కూర్చుండవలెను. పిల్లలను చేతబట్టి ఫోటోలు తీయించుకొనుట వేడుక కాదు, నేరము.

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. యాత్రికుడు వెచ్చించు సొమ్ము ఎవరికి చేరుచున్నది? బరంపురములోనో గోపాలపురములోనో బసచేసి, కారులో వచ్చి, రెండు గంటలు చూచి మరలినచో పల్లెకు మిగులునది ప్లాస్టిక్ సీసాలు మాత్రమే. దీనికి విరుగుడు మహారాష్ట్రమున కలదు. రత్నగిరి జిల్లాలోని వేళాస్ గ్రామమున 2002లో తాబేలు గ్రుడ్ల రక్షణ మొదలై, 2006నుండి తాబేళ్ళ ఉత్సవము జరుగుచున్నది. యాత్రికులు పల్లెవారి యిండ్లలోనే బసచేసి, వారు వండిన అన్నమే తిని, ఉదయము సాయంకాలము పిల్లలు సముద్రము చేరుట చూతురు. బస సొమ్ము ఆ యింటికే చేరును. వేళాస్‌కు వచ్చునవి పదులలో లెక్కింపదగిన గూళ్ళు. ఋషికుల్యకు వచ్చునవి లక్షలు. వేట ఆగిన ఏడు నెలలలో జాలరియింట రెండు గదులు యాత్రికులకు సిద్ధముగానుండి, యువకులకు మార్గదర్శకుల శిక్షణ లభించినచో, నిషేధపు భారము కొంతయైనను తగ్గును. తెలుగుదేశమునుండి పోవు యాత్రికులకు అచ్చట భాషతో ఇబ్బంది యుండదు. అడిగినచో ఇంటి ముదుసలి తాబేలు కథ తెలుగుననే చెప్పును.

ఈ తాబేళ్ళు ఒక్క ఒడిశా సొత్తు కావు. శ్రీకాకుళము మొదలు యానాము చెంతనున్న కోరంగి అభయారణ్యపు హోప్ ద్వీపము వరకును విడివిడిగా వచ్చి గ్రుడ్లు పెట్టుచున్నవి. 2021 మార్చిలో గహిరమాథాలో లోహపు గుర్తుబిళ్ళ తగిలించిన తాబేలొకటి 2025 జనవరిలో పశ్చిమతీరమున, రత్నగిరి జిల్లాలోని గుహాగర్ ఇసుకపై గ్రుడ్లు పెట్టుచు కనబడినది. తూర్పు తాబేళ్ళు తూర్పునకే మరలునను నమ్మకము దానితో సడలినది. ఋషికుల్యలో పిల్లలు సముద్రము చేరునది సాధారణముగా ఏప్రిల్ మాసమున. అప్పటికి గ్రుడ్లు పెట్టు రాత్రులనాటి జనసమ్మర్దము తగ్గియుండును. వేట ఇంకను ఆగియేయుండును, పడవలు ఒడ్డుననే యుండును.