పాత ఫెరారీ - కొత్త కాపురం

కొత్త కారు కొన్నవాణ్ణి లోకం ఒక్కటే అడుగుతుంది, “ఎంతయిందండీ?” అని. పాత ఫెరారీ కొన్నవాణ్ణి మాత్రం రెండు ప్రశ్నలు అడుగుతుంది. మొదటిది, “ఎంత వేగం పోతుంది?” రెండోది, కాస్త గొంతు తగ్గించి, “మీ ఆవిడ ఒప్పుకున్నారా?” మొదటిదానికి జవాబు: గంటకు రమారమి 260 కిలోమీటర్లు. రెండోదానికి జవాబు యీ వ్యాసం.

మేము కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో వుంటున్నాం. నేను కంప్యూటరు ఉద్యోగిని, కోటీశ్వరుణ్ణి కాను. 2024లో కొన్న యీ బండి 1988లో తయారైన ఫెరారీ 328 జీటీయస్. ఎంజో ఫెరారీ కన్నుమూసిన సంవత్సరమూ అదే. ఇందులో ఇద్దరే కూర్చోవచ్చు. ఎనిమిది సిలిండర్ల ఇంజను ముందు వుండదు. మన వీపు వెనకాల అడ్డంగా పడుకుని వుంటుంది. నెత్తిమీది కప్పు వూడదీసి సీట్ల వెనక దాచుకోవచ్చు.

“మనం నలుగురం కదండీ! మిగతా ఇద్దరూ వెనకాల పరుగెత్తుకు రావాలా?” అంది మా ఆవిడ.

పదిహేనేళ్ళుగా నేను ఆ కారు బొమ్మలు చూస్తూండడం ఆవిడ చూస్తూనే వుంది. చివరికి మూడు షరతులు పెట్టింది. పిల్లల చదువుకని దాచిన డబ్బు ముట్టుకోకూడదు. ఇంటి అప్పు వాయిదా ఒక్కటీ తప్పకూడదు. కారు ఖర్చుకు వేరే ఖాతా తెరవాలి. ఆ ఖాతా ఖాళీ అయిననాడు కారు అమ్మెయ్యాలి. మూడు ముళ్ళూ పడ్డాయన్నమాట!

పెళ్ళిచూపులకు ఒక మెకానిక్కును వెంటబెట్టుకు వెళ్ళాను. ఆయన రంగు నిగనిగ చూడలేదు. ఒక్కొక్క సిలిండరులోకీ గాలి ఎక్కించి ఎంత కారిపోతున్నదో కొలిచాడు. రంగు మందం కొలిచి, ఎక్కడైనా గుద్దుకుని అతుకులు పడ్డాయేమో పరీక్షించాడు. తరవాత రసీదుల కట్ట ముందు వేసుకుని గంటసేపు చదివాడు. ఇలాంటి బండికి అందం కన్న జాతకం ముఖ్యం సుమండీ! ఆ జాతకంలో ఒక దోషం కనిపించింది. ఇంజను బెల్టులు మార్చి అప్పటికి ఏడేళ్ళయింది.

ఈ బెల్టులు రబ్బరువి. ఇంజనులో వాల్వులు తెరుచుకుని మూసుకోవడం వీటి ఆధారంతోనే. ఇవి తెగితే పైకి వచ్చే పిస్టను తెరిచి వున్న వాల్వును గుద్దుతుంది. దాంతో ఇంజను పాడయినట్లే. కారు తిరిగినా తిరక్కపోయినా రబ్బరు ముసలిదవుతుంది. అందుకని వీటికి మైళ్ళతోపాటు ఏళ్ళు కూడా లెక్క పెట్టుకోవాలి. ఆ సంగతి చూపించి ధర తగ్గించుకున్నాం. ఇంటికి తెచ్చిన నెలలోనే బెల్టులు మార్పించాం. అయిన ఖర్చు 4,200 డాలర్లు. ఖాతాలో సగానికి పైగా ఆవిరైపోయింది. ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నారు పెద్దలు. బ్రతికున్న ఏనుగు మేత సంగతి మాత్రం చెప్పలేదు!

ఇక నడపడం. ఎక్కడం అనే మాట యీ కారుకు పనికిరాదు, దిగడమే. పీట మీద కూర్చుని కాళ్ళు చాపినట్లుంటుంది. కారు నిలబడి వుండగా స్టీరింగు తిప్పాలంటే రుబ్బురోలు తిప్పినంత పని. కదిలిందా, చేతిలో తేలికైపోతుంది. రోడ్డు మీది చిన్న గులక కూడా వేళ్ళకు తెలుస్తుంది. గేరు కర్ర కింద గాళ్ళు కోసిన లోహపు పలక వుంటుంది. గేరు పడ్డప్పుడల్లా టక్కుమని చప్పుడు. మొదటి గేరు ఎడమవైపు కిందికి లాగాలి. చల్లగా వున్నప్పుడు రెండో గేరు అలిగిన కొత్తకోడలే. నూనె వేడెక్కిందాకా పలకదు.

ఇక్కడి పెద్ద రోడ్ల మీద చాలా చోట్ల హద్దు గంటకు 65 మైళ్ళు. కనక ఆ 260 కిలోమీటర్లూ కాగితం మీదే. అయితేనేం, 40 మైళ్ళ వేగంలోనే వీపు వెనకాల ఎనిమిది సిలిండర్లూ పాడుతూంటే, పెళ్ళివారి బస్సు ముందు సీటు దొరికినంత ఆనందం. సామాన్ల పెట్టె ఇంజనుకు వెనక వుంది. ఆ వేడికి పాలు తోడుకోవడానికి దివ్యంగా పనికొస్తుంది. ఐస్‌క్రీం మాత్రం తేకూడదని మా చిన్నవాడు తేల్చేశాడు.

అన్నిటికన్న నేను భయపడింది మా నాన్నగారికి. ఆయన ముప్ఫయ్యేళ్ళు ఆర్టీసీలో డ్రైవరు. ఆయన జీవితమంతా సంపాదించినదానికన్న యీ కారు ఖరీదే ఎక్కువ. ఆ వేసవిలో తెనాలి నుంచి వచ్చారు. కారు చుట్టూ ఒకసారి తిరిగారు. ధర అడగలేదు. మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా లోపలికి దిగి, “పద” అన్నారు.

వీధి చివర రెండో గేరు మొరాయించింది. నాన్నగారు నా చేతి మీద చెయ్యి వేసి, “బలవంతం చెయ్యకురా. క్లచ్చి తొక్కి న్యూట్రల్‌కు తే, వదులు, మళ్ళీ తొక్కి వెయ్యి. మా పాత లేలాండ్లకు అదే మందు” అన్నారు. గేరు వెన్నలా పడింది.

“ఎన్ని మైళ్ళు తిరిగింది?”

“ముప్ఫయ్యారేళ్ళలో 42 వేలండీ, నాన్నగారూ.”

“అంత దూరం మా బస్సు ఏడాదిలో తిరిగేది. నిలబెట్టిన బండికే రోగాలెక్కువరా. సీళ్ళు ఎండిపోతాయి, పెట్రోలు పాతబడుతుంది. వారానికోసారైనా తిప్పు.” కాసేపు వూరుకుని, “పిల్లల చదువుకు విడిగా తీసిపెట్టావా?” అన్నారు.

“పెట్టానండీ.”

“అయితే సరే” అని, ఇంజను చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నారు.

అప్పటినుంచి ఆదివారం పొద్దున్న బండి బయటికి తీస్తున్నాం. రెండో సీటుకు వంతులు. మా అమ్మాయి ఒక పుస్తకంలో మైళ్ళు, నూనె, పెట్రోలు రాస్తుంది. రేపు ఎవరైనా యీ కారు చూడడానికి వస్తే, ఆ పుస్తకం కూడా దాని జాతకంలో భాగమే.

మీలో ఎవరికైనా ఇలాంటి మోజు వుంటే ఒక్క మాట. కారు ధర పెళ్ళిఖర్చు మాత్రమే. కాపురం ఖర్చు వేరే. అది కూడా చేతిలో వుంచుకుని మరీ బేరానికి వెళ్ళండి. మా సంగతంటారా, నెలనెలా కాస్త వేస్తూండడంవల్ల ఖాతాలో ఇంకా 3,100 డాలర్లున్నాయి. మూడో ముడి బిగువుగానే వుంది.