లంకలోని పెట్టెకు దూరం నుంచి ఆదేశం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన ఏరులూ ఎన్నో మురుగు కాలువలూ నీటిని తెచ్చి పోస్తుంటే, అదంతా బంగాళాఖాతానికి చేరడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి కావడంతో, పెద్ద వానలు పడిన ఏడాది లంక గ్రామాల రోడ్లు మునగడం, రాకపోకలకు పడవలే దిక్కు కావడం అక్కడివారికి అలవాటైన సంగతే. అటువంటి ఊళ్లో బిగించిన ఇంటర్నెట్ పెట్టెలో ఒక్క అంకె తప్పుగా పడి, ఆ పెట్టెకు బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోతే, సరిచేయడానికి మనిషి స్వయంగా వెళ్లవలసి వస్తుంది. పరికరాల అమరికలను దూరం నుంచే, తప్పు దొర్లకుండా, దొర్లినా పరికరం తనంతట తానే పాత స్థితికి వచ్చేలా మార్చడం ఎలా అన్న ప్రశ్నకు గత రెండు దశాబ్దాల్లో రూపుదిద్దుకున్న సమాధానంలో ఎక్స్‌ఎంఎల్ అనే రాత పద్ధతికీ, దాని ఆధారంగా ఎదిగిన డేటా నమూనాలకూ ప్రధాన స్థానం ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రశ్న పాఠ్యపుస్తకానికి పరిమితమైనది కాదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నేల తవ్వి కేబుల్ పూడ్చడానికి బదులు కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, విద్యుత్ సబ్‌స్టేషన్లలో పరికరాలను నిలిపి, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇంటర్నెట్, టీవీ, టెలిఫోను మూడింటినీ ఇళ్లకు చేర్చే పథకంగా మొదలైంది. ఇటువంటి నెట్‌వర్క్‌లకు వాడే జీపాన్ పద్ధతిలో, ఓఎల్‌టీ అనే పెట్టె నుంచి ఒక్క ఫైబర్ బయలుదేరి, దారిలో కరెంటు అవసరమే లేని స్ప్లిట్టర్ల దగ్గర చీలి, 32 లేదా 64 ఇళ్లలోని ఓఎన్‌టీ పెట్టెలకు చేరుతుంది. ఇళ్ల వైపు సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు, ఇళ్ల నుంచి దాదాపు 1.25 గిగాబిట్లు ప్రయాణించే ఆ దారిని ఆ ఇళ్లన్నీ పంచుకుంటాయి. ఏ పోర్టు తెరిచి ఉండాలి, ఏ ఇంటికి ఎంత వేగం ఇవ్వాలి, ఒకే తీగపై నడిచే టీవీ, ఇంటర్నెట్, ఫోను ప్రవాహాలు ఒకదానితో ఒకటి కలవకుండా దేనికి ఏ వీల్యాన్ సంఖ్య కేటాయించాలి అన్న నిర్ణయాలన్నీ పరికరం లోపల విలువలుగా నిలిచి ఉంటాయి. ఆ విలువల మొత్తాన్నే కాన్ఫిగరేషన్ లేదా అమరిక అంటారు.

మొదట్లో ఈ అమరికలను ఇంజనీరు పరికరానికి లాగిన్ అయి, తెరపై ఒక్కొక్క ఆదేశాన్నీ టైపు చేసి మార్చేవాడు. ఇప్పటికీ చాలా చోట్ల జరుగుతున్నది అదే. ఒక కంపెనీ పెట్టెకు పనికివచ్చే ఆదేశం మరో కంపెనీ పెట్టెకు అర్థం కాదు. పని వందల పెట్టెలకు పెరిగినప్పుడు, మనిషి టైపు చేసినట్టే టైపు చేసి, తెరపై వచ్చిన జవాబును చదివి ముందుకు సాగే స్క్రిప్టులు రాసుకున్నారు గాని, ఆ జవాబు మనిషి కంటికోసం తయారైనది కనుక, కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక వరుస కాస్త జరిగినా, ఒక పదం మారినా స్క్రిప్టు ఒక విలువను మరొకటిగా చదివేది. దీనికి ప్రత్యామ్నాయంగా 1980ల చివర వచ్చిన ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతి పరికరాల ఆరోగ్యాన్ని గమనించడానికి బాగా ఉపయోగపడింది, అమరికలను మార్చడానికి మాత్రం ఎవరూ దాన్ని పెద్దగా నమ్ముకోలేదు. 2002 జూన్‌లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం రెస్టన్‌లో ఇంటర్నెట్ ప్రమాణాల రూపకర్తలూ నెట్‌వర్క్‌లను నడిపేవారూ కలిసి కూర్చున్నప్పుడు, నడిపేవారు ఈ మాట మొహమాటం లేకుండా చెప్పారు. అమరికను, పరికరపు వాస్తవ స్థితిని, గణాంకాలను వేరువేరుగా చూపాలనీ, ఒక్కొక్క పెట్టెను కాక నెట్‌వర్క్ మొత్తాన్ని ఒక యూనిట్‌గా అమర్చే వీలుండాలనీ, నిన్నటి అమరికను నేటిదానితో పోల్చి చూడగలగాలనీ వారు కోరారు. 2003 మేలో ఆర్‌ఎఫ్‌సీ 3535గా వెలువడిన ఆ సమావేశ నివేదిక నుంచే తర్వాతి పని అంతా మొదలైంది.

అప్పటికి చేతికి అందుబాటులో ఉన్న పనిముట్టు ఎక్స్‌ఎంఎల్. 1998 ఫిబ్రవరిలో డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా ప్రకటించిన ఈ పద్ధతిలో ప్రతి విలువకూ ముందొక ట్యాగు, వెనకొక ట్యాగు ఉండి, ఆ విలువ ఏమిటో పక్కనే పేరుతో సహా తెలుస్తుంది. ఒక ట్యాగులో మరో ట్యాగు ఇమిడి చెట్టు కొమ్మల వంటి అమరిక ఏర్పడుతుంది. ఎక్స్‌ఎంఎల్ యూనికోడ్‌ను ఆధారం చేసుకున్నది కనుక ట్యాగుల పేర్లు తెలుగులో ఉన్నా నియమాలకు విరుద్ధం కాదు. కైకలూరు సబ్‌స్టేషన్‌లో ఉన్నదనుకున్న ఒక పెట్టెలోని ఒక పోర్టు అమరికను ఇలా రాయవచ్చు:

<పరికరం>
  <గుర్తు>4107</గుర్తు>
  <పోర్టు>
    <సంఖ్య>3</సంఖ్య>
    <వివరణ>కొల్లేటికోట వైపు</వివరణ>
    <తెరవాలి>అవును</తెరవాలి>
    <వీల్యాన్>210</వీల్యాన్>
  </పోర్టు>
</పరికరం>

ఇందులో వీల్యాన్ అన్న ట్యాగు పోర్టు లోపల ఉన్నది కనుక 210 అన్న సంఖ్య మూడో పోర్టుకే చెందుతుందని, తెరపై దాని చోటు ఎక్కడైనా సరే, యంత్రానికి సందేహం లేకుండా తెలుస్తుంది. వరుసలు జరిగితే తికమకపడే పాత స్క్రిప్టు ఇబ్బంది ఇక్కడ లేదు. అయితే 210 బదులు ఎవరైనా 5000 అని రాస్తే ఎక్స్‌ఎంఎల్ దాన్ని కూడా అంతే ప్రశాంతంగా అంగీకరిస్తుంది. ట్యాగులు సరిగా మూసుకున్నాయా లేదా అన్నదే దాని పట్టింపు. వీల్యాన్ సంఖ్య 12 బిట్లలో ఇమడాలి గనుక, రెండు చివరి విలువలనూ పక్కన పెట్టగా 1 నుంచి 4094 దాకా మాత్రమే చెల్లుతుందన్న జ్ఞానం వేరే చోట రాసి ఉండాలి. ఆ వేరే చోటే డేటా నమూనా.

నమూనా రాయడానికి తొలుత ఎక్స్‌ఎంఎల్ స్కీమా వంటి సాధారణ పద్ధతులను పరిశీలించారు గాని, అవి పత్రాల ఆకృతిని వర్ణించడానికి పుట్టినవి. ఏది మనం మార్చగల అమరిక, ఏది పరికరం చూపే స్థితి అన్న భేదం వాటికి తెలియదు, పైగా మనిషి చదవడానికి కష్టం. అందుచేత స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్యోర్క్‌లుండ్ సంపాదకత్వంలో 2010 అక్టోబరులో యాంగ్ అనే ప్రత్యేక నమూనా భాష ప్రమాణంగా వెలువడింది. 2016లో దాని 1.1 రూపం వచ్చింది. యాంగ్‌లో ఒక్కొక్క విలువను లీఫ్ అనీ, విలువల గుంపును కంటైనర్ అనీ, ఒకే తీరువి పదేపదే వచ్చే గుంపును లిస్ట్ అనీ అంటారు. ప్రతి లీఫ్‌కూ రకం, హద్దులు రాయవచ్చు. ఇంకా ముఖ్యమైనది, ఒక విలువకూ మరో విలువకూ ఉన్న సంబంధాన్ని నియమంగా రాయవచ్చు: పోర్టుకు ఇచ్చిన వీల్యాన్ సంఖ్య ఆ పరికరపు వీల్యాన్‌ల జాబితాలో ముందే నమోదై ఉండాలని ఒక లీఫ్‌రెఫ్‌తో చెప్పవచ్చు, టీవీ సేవ తెరిచిన పోర్టుకు ఫలానా విలువ తప్పనిసరి అని ఒక మస్ట్ వాక్యంతో చెప్పవచ్చు. అనుభవజ్ఞుడైన ఇంజనీరు తలలో మాత్రమే ఉండి, ఆయన బదిలీ అయినప్పుడు ఆయనతోపాటే వెళ్లిపోయే జాగ్రత్తలు ఈ విధంగా యంత్రం చదవగల నియమాలవుతాయి.

లిస్ట్‌లోని ప్రతి అంశాన్నీ గుర్తించే విలువను కీ అంటారు, నమూనా రాసేవారి వివేకం తేలేది దాన్ని ఎంచుకునే దగ్గరే. పరికరం పేరులో జిల్లా పేరును ఇమిడ్చి దాన్నే కీగా పెట్టడం చూడటానికి సౌకర్యంగానే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కైకలూరు, మండవల్లి కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. ఏలూరు పశ్చిమ గోదావరి నుంచి విడిపోయి వేరు జిల్లా అయింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉన్నా, ఆ జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. పెట్టెలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. కీ మారితే నమూనా దృష్టిలో పాత పరికరం అంతరించి కొత్తది పుట్టినట్టే కాబట్టి, దాన్ని సూచించే ప్రతి విలువనూ తిరగరాయాలి. మార్చకపోతే పేరు అబద్ధం చెబుతూ ఉంటుంది. పై ఉదాహరణలో 4107 అన్న అర్థరహితమైన సంఖ్య గుర్తుగా ఉండటానికి కారణం ఇదే. జిల్లా, మండలం, ఊరు వంటివి ఎప్పుడైనా మార్చుకోగల మామూలు లీఫ్‌లుగా ఉండటమే మేలు.

రెస్టన్‌లో కోరిన మొదటి భేదం, అమరికకూ వాస్తవ స్థితికీ మధ్యది, కొల్లేటి ప్రాంతపు పాఠకులకు వివరించనక్కరలేనంత పరిచితమైనది: అడంగల్‌లో వరి అని ఉన్నంత మాత్రాన చేలో చేపల చెరువు ఉండకూడదని లేదు. పోర్టు తెరవాలి అన్నది మన కోరిక. అది నిజంగా తెరుచుకుని కాంతి సంకేతం అందుకుంటున్నదా అన్నది వాస్తవం, ఫైబర్ మీద చెట్టుకొమ్మ విరిగిపడితే ఈ రెండూ వేరవుతాయి. యాంగ్‌లో ప్రతి లీఫ్‌కూ అది అమరికా, స్థితా అన్నది నమూనాలోనే నిర్ణయమై ఉంటుంది. 2018 మార్చిలో వచ్చిన ఎన్‌ఎండీఏ అనే ప్రమాణం ఇంకొక అడుగు వేసి, మనం ఉద్దేశించిన విలువలకూ పరికరంలో వాస్తవంగా అమలవుతున్న విలువలకూ వేరు వేరు భాండారాలను నిర్వచించింది, దానితో రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా చూడటం తేలికైంది.

నమూనా ప్రకారం రాసిన ఎక్స్‌ఎంఎల్‌ను పెట్టెకు చేరవేసే వాహకం నెట్‌కాన్ఫ్. జునిపర్ కంపెనీకి చెందిన రాబ్ ఎన్స్ సంపాదకత్వంలో 2006 డిసెంబరులో ఇది ప్రమాణంగా వెలువడి, 2011 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6241గా సవరణ పొందింది. సురక్షితమైన ఎస్‌ఎస్‌హెచ్ మార్గంలో 830వ పోర్టు ద్వారా నడుస్తుంది. దీని బలం పరికరంలో ఉండే రెండు ప్రతుల పద్ధతిలో ఉంది. ప్రస్తుతం అమలులో ఉన్నది రన్నింగ్ ప్రతి. మార్పులను సిద్ధం చేసుకునేది క్యాండిడేట్ ప్రతి. ఇంజనీరు లేదా ఆయన తరఫున సాఫ్ట్‌వేర్, మరొకరు మధ్యలో చెయ్యి పెట్టకుండా ముందు ప్రతికి తాళం వేసి, మార్పులను క్యాండిడేట్‌లో రాసి, నమూనా నియమాలకు అవి కట్టుబడి ఉన్నాయో లేదో పరీక్షించమని అడిగి, ఆ తర్వాతే కమిట్ అనే ఆదేశంతో అన్నిటినీ ఒకేసారి అమలులోకి తెస్తుంది. 5000 అన్న వీల్యాన్ సంఖ్య పరీక్ష దగ్గరే తిరిగి వస్తుంది, ఏ ఇంట్లోనూ టీవీ ఆగదు.

నియమాలకు లోబడే తప్పులు కూడా ఉంటాయి. పెట్టెను చేరే దారికే సంబంధించిన వీల్యాన్‌ను 210 నుంచి 220కి మార్చితే రెండూ చెల్లే సంఖ్యలే కాబట్టి పరీక్ష అడ్డుకోదు, కాని మార్పు అమలైన మరుక్షణం పెట్టెతో సంభాషణ తెగిపోతుంది. కొల్లేటి లంకల వంటి చోట్ల అసలు భయం దీని గురించే. ఇందుకు నెట్‌కాన్ఫ్‌లో కన్ఫర్మ్‌డ్ కమిట్ అనే ఏర్పాటు ఉంది: మార్పును అమలు చేసిన తర్వాత నిర్ణీత గడువులోగా, వేరేగా చెప్పకపోతే 600 సెకన్లలోగా, ధ్రువీకరించే రెండో ఆదేశం అందకపోతే పెట్టె తనంతట తాను పాత అమరికకు వెనుదిరుగుతుంది. దారి తెగిపోయింది గనుక రెండో ఆదేశం ఎలాగూ చేరదు, చేరకపోవడమే పెట్టెకు సంకేతం. పడవ కట్టే పని లేకుండా పది నిమిషాల్లో ఊరికి ఇంటర్నెట్ తిరిగి వస్తుంది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఉన్న నాలుగైదు పెట్టెల మీదుగా ఒక కొత్త సేవను నడపవలసినప్పుడు కూడా ఇదే ఏర్పాటు అక్కరకు వస్తుంది. నియంత్రణ సాఫ్ట్‌వేర్ అన్ని పెట్టెల్లోనూ మార్పు నిలిచిందని చూసుకున్నాకే ధ్రువీకరిస్తుంది, ఒక్కదానిలో విఫలమైనా అన్నిటినీ వెనక్కి రానిస్తుంది.

ఇళ్లలోని పెట్టెల సంగతి కొంత వేరు. వాటిని దూరం నుంచి అమర్చడానికి ఇప్పుడు బ్రాడ్‌బ్యాండ్ ఫోరంగా పిలిచే డీఎస్‌ఎల్ ఫోరం 2004లో తెచ్చిన టీఆర్-069 అనే పద్ధతి ప్రపంచమంతటా వాడుకలో ఉంది; అందులో కూడా సందేశాలు ఎక్స్‌ఎంఎల్‌లోనే నడుస్తాయి, విలువలన్నీ ఒక ముందస్తు నమూనా ప్రకారమే ఉంటాయి.

ఎక్స్‌ఎంఎల్ మీద ఫిర్యాదులు లేకపోలేదు. ఒక్క అంకె చెప్పడానికి దాని పేరును రెండుసార్లు రాయాలి. కొత్త తరం ప్రోగ్రామర్లు జేసన్ అనే క్లుప్తమైన రాతను ఇష్టపడుతుండటంతో, 2017 జనవరిలో ప్రమాణమైన రెస్ట్‌కాన్ఫ్ ఆ రెండింటిలో దేనినైనా అంగీకరించింది. అయినా కింద ఉన్న యాంగ్ నమూనా అదే. అసలు చిక్కు రాతలో కాక నమూనాల బాహుళ్యంలో ఉంది: ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ నమూనాలు ఒకవైపు, పెద్ద నెట్‌వర్క్ కంపెనీలు కలిసి రాసుకున్న ఓపెన్‌కాన్ఫిగ్ మరోవైపు, ప్రతి తయారీదారు సొంత నమూనాలు ఇంకోవైపు ఉండి, ఒకే పోర్టును మూడు రకాలుగా వర్ణిస్తున్నాయి. భాష ఒకటే అయినంత మాత్రాన మాట ఒకటి కాలేదన్నది ఒప్పుకోవలసిన నిజం.

ఈ విద్య నేర్చుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన నిట్ ఆంధ్రప్రదేశ్ వంటి సంస్థల్లోనే కాక, ఏ డిగ్రీ కళాశాల ప్రయోగశాలలోనైనా ఒక మామూలు కంప్యూటరుపై నమూనాలను పరీక్షించే పైయాంగ్‌ను, నెట్‌కాన్ఫ్ సర్వరుగా పనిచేసే నెటోపీర్‌ను ఉచితంగా నడుపుకోవచ్చు. ఇక పరికరాలు కొనే ప్రభుత్వ శాఖలూ, ఊళ్లలో కనెక్షన్లు ఇచ్చే కేబుల్ ఆపరేటర్లూ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది: క్యాండిడేట్ ప్రతి, పరీక్ష, కన్ఫర్మ్‌డ్ కమిట్ మూడూ ప్రమాణంలో ఐచ్ఛికాలే గాని తప్పనిసరి కావు. నెట్‌కాన్ఫ్ ఉందని పెట్టె మీద రాసి ఉన్నా, అవి లేకపోవచ్చు. కాబట్టి టెండరు పత్రంలో వేగం, ధరలతోపాటు ఈ మూడు సౌకర్యాలనూ, పరికరం అనుసరించే యాంగ్ నమూనాల పేర్లనూ, వాటి తేదీలనూ రాతపూర్వకంగా అడగాలి.