బసలను గూర్చిన పొగడ్తలు – వాని ప్రామాణ్యము



పూర్వము మన పెద్దలు తీర్థయాత్రకు బయలుదేరునపుడు, అంతకుముందు పోయివచ్చినవాని యింటికి పోయి, అరుగుమీద కూర్చుండి, ఎచ్చట దిగవలెను, నీళ్లు ఎట్టివి, పండా యెట్టివాడు అని యడిగి తెలిసికొనెడివారు. చెప్పువాడు మన యూరివాడు. వాడు ఉన్నదానికంటె ఎక్కువ చెప్పువాడో, ఊరక గొణగువాడో మనకు ముందే తెలియును గనుక, ఆ పాలు తీసివేసి మిగిలినది వినుట మన కలవాటు. ఇప్పు డా యరుగు సెల్‌ఫోనులోనికి పోయినది. ఏ యూరి లాడ్జి పేరు అడిగినను, ముఖ మెఱుగనివారు వందలకొలది వ్రాసిన మాటలును, ఒకటి మొదలు ఐదు వఱకు వారు వేసిన చుక్కలును కనబడును. మన మనుమలు ఆ చుక్కలు చూచి గదులు కుదుర్చుచున్నారు. రొక్కము ముందుగనే కట్టుచున్నారు. ఈ పొగడ్తలను ఎంతవఱకు నమ్మవచ్చును అనునదే నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము.

ఇది నాకు పుస్తకములవలన గాక, మా యక్క మోకాళ్లవలన తెలిసినది.

మాది చౌటుప్పల్. నాడు నల్లగొండ జిల్లా. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లా. మా యక్కకు డెబ్బది దాటినవి. రెండు గేదెలను పెట్టుకొని, పాలు అమ్మి, చీరకొంగున దాచిన రొక్కముతో ఒక్కమాఱు కాశి చూడవలెనని ఆమె చిరకాల వాంఛ. 2022 కార్తికమాసమున ఆమెయు, నేనును, ఆమె మనుమడును బయలుదేరితిమి. బస సంగతి బాలుడే చూచెను. కేదారఘట్టము చేరువను ఒక లాడ్జిని గూర్చి రెండువందలకు పైగా మెచ్చుకోళ్లు కలవు. “సొంత యింటివలె నున్నది,” “యజమాని దేవునివంటివాడు,” “గంగ రెండు నిమిషముల దూరమే” – ఇట్టివే అన్నియు. ఐదు రాత్రులకు ముందుగా డబ్బు కట్టితిమి.

దిగిన తరువాత తెలిసినది. ఆ సందులోనికి ఆటో రాదు. గది మూడవ అంతస్తున. మెట్లు పాత కాశి యిండ్ల మెట్లు – ఎత్తైనవి, ఇఱుకైనవి, నిటారుగా నున్నవి, లిఫ్టు లేదు. క్రింది గది యడిగితిమి, నిండినదనిరి. కట్టిన డబ్బు మరలి రాదనిరి. ఆ రెండు నిమిషములు ఇరువదియేండ్ల కుఱ్ఱవాని రెండు నిమిషములు. మా యక్కకు అది అరగంట. ఆపైన ఘట్టపు మెట్లు వేఱే. ఐదు దినములలో ఆమె గంగలో మునిగినది ఒక్కమాఱు. విశ్వనాథుని చూచినది ఒక్కమాఱు. మిగిలిన దినములలో కిటికీకడ కూర్చుండి, రెండు మేడల సందున జానెడు వెడల్పున కనబడు నదిని చూచుచుండెను. నేను ప్రొద్దుటనే చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె తలపై పోసెడివాడను. “గంగనే గద తమ్మీ, యాడ పోసుకుంటేంది,” అని ఆమె నన్నే యోదార్చినది. నాకు మాత్రము ఆ మాట ములువలె నాటినది.

ఒక రాత్రి బాలుని పిలిచి, ఆ మెచ్చుకోళ్లన్నియు చుక్కలు చూడక మాటలు మాత్రము చదువుమంటిని. నూఱు దాటిన పిమ్మట ఒకటి వచ్చినది. ఎవరో హిందీలో వ్రాసినారు: గది శుభ్రము, నీళ్లకు లోటు లేదు, కాని మెట్లు నిటారు, మా తల్లిని ఇద్దఱము మోసికొని పోవలసి వచ్చినది అని. వేసినవి మూడు చుక్కలు. “ఇది నీవు చూడలేదా?” అంటిని. “చూసిన తాతా, మూడు చుక్కలే గదా అని విడిచిపెట్టిన,” అన్నాడు. రెండువందలమందిలో మాకు పనికివచ్చు మాట చెప్పినవాడు ఒక్కడు. వానినే మేము దాటిపోతిమి.

తర్కశాస్త్రము చదివినవారికి ఇది క్రొత్త చిక్కు గాదు. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పుదురు. శబ్దమనగా ఎవని మాటయైనను గాదు, ఆప్తుని మాట. వస్తువును స్వయముగా ఎఱిగి, ఎఱిగినదానిని ఎఱిగినట్లే చెప్పగోరువాడు ఆప్తుడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమే యని భాష్యకారుడైన వాత్స్యాయనుడు అంగీకరించెను. కాబట్టి ముఖ మెఱుగనివాడు వ్రాసినాడని త్రోసిపుచ్చుటకు మనకు హక్కు లేదు. వాడు చూచినాడా, చూచినదే చెప్పుచున్నాడా, చెప్పుటలో వానికి వేఱే లాభ మున్నదా – ఇంతే విచారింపవలసినది. రెండువందలమంది అనాప్తులు కూడినను ఒక ఆప్తుడు గాడు.

మీమాంసకులు ఇంకొకటి చెప్పుదురు: స్తుతివాక్యము అర్థవాదము. అది వినువానికి ఉత్సాహము కలిగించుటకు పుట్టినది గాని, తనంతట తాను విధి గాదు. “యజమాని దేవునివంటివాడు” అనుట అర్థవాదము. “మెట్లు నిటారు” అనుట వస్తుకథనము. పోయి చూచి నిజమో అబద్ధమో తేల్చవచ్చును. పొగడ్తను చదువునపుడు అర్థవాదమంతయు తీసివేసి, మిగిలినదేమో చూడవలెను. ఒక్కొక్కమాఱు ఏమియు మిగులదు.

ఈ పొగడ్తలు ఎట్లు పుట్టుచున్నవో చెప్పవలెనన్న నా తప్పు ముందు ఒప్పుకొనవలెను. మా యూరు హైదరాబాదు–విజయవాడ రహదారి మీద నున్నది గదా. దారి కిరువైపుల భోజన హోటళ్లు. ఒకనాడు కుటుంబముతో ఒక హోటలున భోజనము చేసితిమి. అన్నము చల్లారినది, పప్పు పలుచన. డబ్బు కట్టుచోట ఒక కుఱ్ఱవాడు ఫోనుతో చూడవలసిన గుర్తుగల అట్టముక్క చూపి, “ఐదు చుక్కలు వేస్తే పిల్లలకు ఐస్‌క్రీము ఊరికే,” అనెను. పిల్లలు నా మొగము చూచిరి. ఐదు చుక్కలు వేయించితిని. “రుచికరమైన భోజనము” అని పలికి వ్రాయించితిని. పరీక్షలలో చూచి వ్రాసిన పిల్లలకు ముప్పదియేండ్లు సున్నలు వేసినవాడను, గిన్నెడు ఐస్‌క్రీమునకు సాక్ష్యము మార్చితిని. నాకు ఎవనిని మోసగించు తలంపు లేదు. అయినను ఆ మాట నమ్మి ఎవడో ఆ చల్లని అన్నము తిని యుండును.

ఇది మొగమాటము. దీనికి పైమెట్టు కూలికి వ్రాయుట. 2017లో లండను నగరమున ఊబా బట్లర్ అను యువకుడు ఒక వింత చేసెను. అతడు అంతకుముందు డబ్బు పుచ్చుకొని, తాను కాలు పెట్టని హోటళ్లను గూర్చి మెచ్చుకోళ్లు వ్రాసినవాడు. తాను కాపురమున్న తోటపాకకు ‘ది షెడ్ ఎట్ డల్విచ్’ అని పేరు పెట్టి, అది గొప్ప భోజనశాల యని ట్రిప్‌అడ్వైజర్ అను పర్యాటక సంస్థ పట్టికలో చేర్పించెను. గడ్డము గీసికొను నురుగుతో వంటకములవలె చిత్రములు తీసెను. మిత్రులచే పొగడ్తలు వ్రాయించెను. ఆ పాకలో ఒక్క విస్తరియు వేయకుండగనే, కొన్ని నెలలలో లండనులోని పదునెనిమిదివేలకు పైబడిన భోజనశాలలలో అది మొదటి స్థానమున నిలిచెను. జనులు చోటు కొఱకు ఫోనులు చేసి బ్రతిమాలుకొనిరట! ఇటలీ దేశమున లెచ్చె పట్టణపు న్యాయస్థానము 2018లో, ఇట్టి దొంగ పొగడ్తలను హోటళ్లకు అమ్మినవానికి తొమ్మిది నెలల కారాగారశిక్ష విధించెను.

మన పల్లెలలో దీనికే మఱియొక రూపము. “ఇంట కూర్చుండి హోటళ్లకు చుక్కలు వేయుము, ఒక్కొక్కదానికి ఇంత యిత్తుము” అని నిరుద్యోగులైన పిల్లల ఫోనులకు సందేశములు వచ్చుచుండును. మొదట నూఱో యిన్నూఱో నిజముగనే యిత్తురు. పిమ్మట పెద్ద పని కొఱకు ముందుగా సొమ్ము కట్టుమందురు. కట్టిన సొమ్ము పోవును. దానిని రాబట్టుకొనుటకు మరల కట్టించుకొందురు. మీ యిండ్లలో ఎవనికైన నిట్లు జరిగినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయింపుడు. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారిపోవును.

మన దేశమున చట్టము లేకపోలేదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమములు, అమ్మువాడు కొనువాని వేషము వేసి తన సరకును గూర్చి తానే అభిప్రాయము వ్రాసికొనరాదని నిషేధించినవి. 2022 నవంబరులో భారతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించి, వ్రాసినవాడు నిజమైన మనుష్యుడో కాడో విచారింపవలెననియు, కూలికి వ్రాయించినవి ప్రచురింపరాదనియు చెప్పెను. అయితే అది ఐచ్ఛికముగా వెలువడిన ప్రమాణము. మోసపోయినవాడు 1915 అను వినియోగదారుల సహాయసంఖ్యకు చెప్పుకొనవచ్చును. చెప్పుకొన్నంత మాత్రమున పోయిన కార్తికమాసము తిరిగి రాదు గనుక, ముందు చూపే మేలు.

ఆ చూపు మన ప్రాంతమువారికి క్రొత్తగా నేర్పనక్కఱలేదు. మనకు పోచంపల్లి పొరుగు, పుట్టపాక పొరుగు. చిటికి చీర అని యెవడైన తెచ్చినచో మన యాడువారు మొదట ఏమి చేయుదురు? తిరగవేసి చూతురు. నూలును ముందు కట్టి, రంగు వేసి, పిదప నేసినది గనుక అసలు చీరకు రంగు రెండు ప్రక్కల నొకటే. అచ్చు వేసిన చీర వెనుక వెలవెలబోవును. పొగడ్తనుగూడ నిట్లే తిరగవేయవలెను. వ్రాసినవాని పేరు నొక్కినచో వాడు వ్రాసిన తక్కిన మాటలు తఱచుగా కనబడును. ఒకేనాడు పది యూళ్లలో పది హోటళ్లకు ఐదేసి చుక్కలు వేసినవాడు యాత్రికుడు గాడు. ఒకే వారములో ముప్పది పొగడ్తలు కురిసి, తరువాత నెలలు ఎండియున్నచో ఆ వాన సహజము గాదు. కొన్నిచోట్ల ఆ సంస్థ మూలముగా బస చేసినవానికే వ్రాయు వీలు గలదు. గూగుల్ మ్యాపువంటి చోట్ల ఎవడైనను వ్రాయవచ్చును. ఈ భేదము పిల్లల నడిగి తెలిసికొనుడు. ఐదు చుక్కలవాడు మురిసినాడు, ఒక చుక్కవాడు అలిగినాడు. మూడు చుక్కలవాడు తఱచుగా తూచి చెప్పును; వానిని ముందు చదువుడు.

మార్గము చూపు గైడులను గూర్చిన పొగడ్త యింకను చిక్కైనది. గది శుభ్రమో కాదో చూచినవాడెవడైనను చెప్పగలడు. గైడు చెప్పిన స్థలచరిత్ర నిజమో కాదో క్రొత్తగా వచ్చినవా డెట్లు చెప్పగలడు? వాడు “కథ తీయగా చెప్పినాడు” అని మాత్రమే చెప్పగలడు. అదియు తఱచుగా ఆ గైడు ప్రక్కనే నిలుచుండి అడుగగా వ్రాసినది. “మంచి పట్టుచీరల దుకాణమునకు తీసికొనిపోయినాడు” అని పొగడ్తలో నున్నచో, ఆ దుకాణమువాడు వానికేమి యిచ్చెనో ఊహించుకొనుడు. ప్రభుత్వ పర్యాటక శాఖవారు శిక్షణ యిచ్చి గుర్తింపుకార్డు లొసంగిన గైడులు కలరు. కార్డు చూపుమని యడుగుట అవమానము గాదు.

ఆప్తుడైన యాత్రికుడు ఎట్లు వ్రాయునో చూడగోరువారు ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ చదువవలెను. మదరాసు సుప్రీముకోర్టున దుబాసీగా పనిచేసిన యాయన 1830 మే 18వ తేదీన బయలుదేరి, శ్రీశైలము సేవించి, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరున మదరాసు చేరెను. ఆ పుస్తకము 1838లో అచ్చుపడినది. మజిలీ మజిలీకిని దూరమెంత, దారి యిసుకయో రాయియో, నీళ్లు ఎట్టివి, దిగుటకు చోటున్నదా, వెచ్చము దొరకునా – ఇదియే ఆయన ధోరణి. ఒక మజిలీ మెచ్చిన కలమే తరువాతి మజిలీలోని యిబ్బంది చెప్పును. తన వెనుక వచ్చువాని కాళ్లు ఆయనకు కనబడుచుండెను కాబోలు.

కాశినుండి వచ్చిన తరువాత నే నా పుస్తకమును మరల చదువుచుండగా మా యక్క విని, మనుమని పిలిచి, “మన లాడ్జి సంగతి నువ్వు గూడ రాయి,” అనెను. “ఏం రాయాలె నాయనమ్మా?” “మెట్లు నలభై ఎనిమిది. నేను లెక్కపెట్టిన. ఆటో రాదని రాయి. పొద్దుగాల ఆ పిలగాడు అడగకుండనే వేడినీళ్లు తెచ్చిచ్చిండు, అదిగూడ రాయి.” “చుక్కలెన్ని?” “అవి నీ యిష్టం.” వాడు మూడు వేసెను. మొన్న తీసి చూపెను: ఆ మాట తమకు పనికివచ్చినదని పదునొకండుగురు గుర్తు పెట్టియున్నారు; క్రింద యజమాని ప్రత్యుత్తరము గూడ నున్నది – వృద్ధులు వచ్చుచున్నట్లు ముందుగా తెలిపినచో క్రింది గది యుంచెదమని. బాలుడు అది చదివి వినిపింపగా మా యక్క పాలచెంబు క్రింద పెట్టి, “గా ముక్క గప్పుడే చెప్తే ఏం పోయె?” అనెను.