నరానికి కరెంట్ ఇస్తే ఏకాగ్రత వస్తుందా?

పేరెంట్స్ మీటింగ్‌లలో ఈమధ్య తరచూ వినిపిస్తున్న ప్రశ్న: "మేడమ్, నరానికి చిన్న కరెంట్ ఇచ్చే మెషీన్ ఉందట, మా బాబుకి తెప్పించమంటారా?"

అలాంటిది ఉన్న మాట నిజమే. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల కోసం 2019లో అమెరికా ఎఫ్‌డీఏ మోనార్క్ అనే పరికరానికి అనుమతి ఇచ్చింది. సెల్‌ఫోన్ అంత పెట్టె, ఒక వైరు, నుదుటికి అంటించే పట్టీ. రాత్రి నిద్రలో పెట్టాలి. 7 నుంచి 12 ఏళ్లవాళ్లకు, ఏడీహెచ్‌డీ మందులు వాడనివాళ్లకు మాత్రమే. అదీ డాక్టర్ రాసిస్తేనే.

ముఖానికి తగిలిన స్పర్శను మెదడుకు చేరవేసే ట్రైజెమినల్ నరం కొమ్మలు నుదుటి చర్మం కింద ఉంటాయి. సన్నని కరెంట్ ఆ దారిన మెదడులోకి సంకేతంగా వెళ్తుంది. శ్రద్ధను, భావోద్వేగాలను అదుపులో పెట్టే భాగాలు దానితో చురుకవుతున్నట్టు స్కానింగ్‌లలో కనిపించింది. సరిగ్గా ఎలా పనిచేస్తుందో ఇంకా తెలియదని ఎఫ్‌డీఏనే చెప్పింది.

అనుమతికి ఆధారమైన పరీక్షలో పాల్గొన్నది 62 మంది పిల్లలు, 4 వారాలు. నిజమైన కరెంట్ అందినవాళ్లలో ఏడీహెచ్‌డీ లక్షణాల స్కోరు 34.1 నుంచి 23.4కి తగ్గింది. ఉత్తుత్తి పరికరం పెట్టినవాళ్లలో కూడా 33.7 నుంచి 27.5కి తగ్గింది! అంటే చికిత్స జరుగుతోందన్న నమ్మకంతోనో, ఇంట్లో పెరిగిన శ్రద్ధతోనో కొంత మార్పు వస్తుందన్నమాట. ఆన్‌లైన్ రివ్యూలు చదివేటప్పుడు ఈ ఆరు పాయింట్లను గుర్తుపెట్టుకోండి.

మరి బహుమతి మీద ఆశ? జర్మనీలో పెద్దవాళ్ల మీద చేసి 2020లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. చెవి దగ్గర వేగస్ నరానికి కరెంట్ ఇస్తే, బహుమతి కోసం పని మొదలుపెట్టడంలో జోరు పెరిగింది. ఆ శ్రమను చివరిదాకా నిలబెడుతుందనడానికి మాత్రం గట్టి ఆధారం దొరకలేదు. నోట్‌బుక్ తెరవడానికీ లెక్క పూర్తి చేయడానికీ ఎంత దూరమో టీచర్లకు తెలుసు!

ఏడీహెచ్‌డీ ఉన్న చాలామంది పిల్లలకు దూరంలో ఉన్న పెద్ద బహుమతి కన్నా వెంటనే అందే చిన్నదే రుచిస్తుంది. "ఫైనల్స్‌లో ఫస్ట్ వస్తే సైకిల్" కంటే "ఈ ఐదు లెక్కలయ్యాక పది నిమిషాలు ఆట" అన్నదే నయం. దీనికి బ్యాటరీ అక్కర్లేదు.

అనుమానం ఉంటే ముందు చూపు, వినికిడి, నిద్ర ఎలా ఉన్నాయో చూపించండి. తర్వాత పిల్లల డాక్టర్‌ను కలవండి. ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే లక్షణాలు ఇంట్లోనూ స్కూల్లోనూ కనిపించాలి కాబట్టి, వెళ్లేముందు క్లాస్ టీచర్‌ను అడిగి ఒక నోట్ రాయించుకోండి.