ఆదివారం గుడిలో.. ఆరు రోజులు ఊళ్లో
దోర్నకల్: పొద్దు గూకి పశువులు ఇళ్లు చేరే వేళకు పల్లెలోని చిన్న గుడిలో గంట మోగుతుంది. కూలికి పోయి వచ్చినవారు కాళ్లూ చేతులూ కడుక్కుని చాపల మీద కూర్చుంటారు. చదువు రానివారికి పుస్తకంతో పనిలేదు. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికే వచ్చు. ఒకరు కీర్తన ఎత్తుకుంటే పిల్లలు సైతం అందుకుంటారు.

ప్రార్థన అరగంటలో ముగుస్తుంది. అసలు పరీక్ష అక్కడి నుంచే మొదలు. తెచ్చిన అప్పు చెప్పిన రోజుకు తీర్చాడా? తాగకుండా ఇంటికి వచ్చాడా? పక్కింటివారితో మాట కలిపాడా? క్రైస్తవ సంఘంలో ఒక మనిషి భక్తిని ఊరు కొలిచేది ఈ కొలతలతోనే.

ఈ సంగతిని మన ప్రాంతంలో గుర్తించి, దాని మీదనే సంఘాన్ని నిలబెట్టిన వ్యక్తి బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

తమిళనాడు నుంచి వచ్చి..

అజరయ్య పుట్టింది 1874లో, తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో. మాతృభాష తమిళం. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు బోధకుడిగా వచ్చారు. ఇక్కడికి వచ్చాకే తెలుగు నేర్చుకుని పల్లెపల్లెకూ తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఆయన దగ్గరకు వచ్చిన జనంలో ఎక్కువమంది మాల, మాదిగపల్లెలవారు. బడి గడప తొక్కనివారు, దొరల పొలాల్లో వెట్టి చేసినవారు. వారికి పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెబితే లాభం లేదని అజరయ్య గ్రహించారు. పాటల ద్వారా, కథల ద్వారా, రోజువారీ ప్రార్థనల ద్వారా నేర్పించారు. ఊరికి ఒక ఉపదేశి ఉండాలన్నది ఆయన పద్ధతి. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించేదీ, రాత్రి పెద్దలతో ప్రార్థన చేయించేదీ ఆ ఉపదేశే.

బాప్తిస్మం తీసుకునే ప్రతి ఒక్కరూ తమ చేతిని తమ తల మీదే పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ తప్పదని పలకాలి. బోధించడం జీతం తీసుకునే బోధకుడి పని మాత్రమే కాదని, నాగలి పట్టినవాడికీ, నాట్లు వేసే ఆమెకూ ఆ బాధ్యత ఉందని దీని భావం.

నాలుగు దయ్యాలు

పల్లెను పీడించే దయ్యాలు నాలుగు అని అజరయ్య చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. వీటిని వదిలించుకోనివాడి భక్తి పైపై పూతే అని ఆయన ఉద్దేశం.

సంఘంలో చేరినవారు చచ్చిన గొడ్డు మాంసం తినడం మానేశారు. ఇల్లూ వాకిలీ శుభ్రం చేసుకున్నారు. కల్లు మానినవారి ఇళ్లలో నాలుగు గింజలు మిగిలాయి. ఇదంతా సుఖంగా జరగలేదు. జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు, ఆదివారం పనికి రాలేమన్నందుకు కూలి పోగొట్టుకున్నవారున్నారు, దెబ్బలు తిన్నవారున్నారు. అయినా మాట తప్పనివారిని ఊరు గమనించింది. వారి నడతలో మార్పు చూసి 1930లలో ఇతర కులాల రైతు కుటుంబాలు కూడా కొన్ని సంఘంలో చేరాయి. ప్రసంగం చేయలేని పనిని పాలేరు నడవడి చేసింది.

పిడికెడు బియ్యం

పేదవాడు దేవుడికి ఏమివ్వగలడు? దీనికి తెలుగు సంఘాల్లోని ఆడవారు వెతుక్కున్న జవాబు పిడికెడు బియ్యం. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. వారం తిరిగేసరికి కుండలో చేరినంత గుడికి తెస్తారు. అన్నం వండిన పూటల్లా ఇచ్చినట్లే లెక్క. పస్తున్న పూట ఇవ్వనక్కర్లేదు.

కోతల పండుగ నాడు గుడి ముందు చిన్న సంత కనిపిస్తుంది. వరి కంకులు, గుమ్మడికాయలు, కోడిపెట్టలు, కోడిగుడ్లు తెచ్చి పెడతారు. ఆరాధన తర్వాత వేలంపాట. అంగట్లో దొరికే ధరకంటే ఇక్కడ సొరకాయ ఎక్కువ పలుకుతుంది. ఎక్కువ పెట్టి కొన్నవారికి నష్టపోయామన్న బాధ ఉండదు.

ఒకే పాత్ర

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దోర్నకల్ అధ్యక్ష మండలం అందులో భాగమైంది. ఈ సంఘం ఆరాధన క్రమంలో ప్రభు సంస్కారానికి ముందు 'సమాధానం' ఇచ్చుకునే ఘట్టం ఉంటుంది. గురువు నుంచి మొదలై ఒకరి చేతులు మరొకరు పట్టుకుంటూ చివరి వరుస దాకా అందిస్తారు. గట్టు తగాదాతో ఏడాదిగా మాటల్లేని ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే, ఆ క్షణం వారికి కష్టంగానే ఉంటుంది. అయితే ఆ కష్టం కోసమే ఆ క్రమం పెట్టారు.

ఆ తర్వాత ఒకే పాత్రలోని ద్రాక్షారసం అందరి పెదవులకూ అందుతుంది. ఊరి హోటల్లో కొందరికి వేరే గ్లాసు పెట్టిన రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న లెక్క ఆ పాత్ర దగ్గర చెల్లదు.

కాని గుడి మెట్లు దిగాక ఏమవుతున్నది? మాలపల్లెలో ఒక గుడి, మాదిగపల్లెలో మరో గుడి ఉన్న ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒకే పాత్రలో తాగినవారు పెళ్లి మాటలకు వచ్చేసరికి కులం అడుగుతున్నారు. పిల్లను చూడటానికి వచ్చినవారు ప్రార్థన చేసి మరీ కట్నం మాట ఎత్తుతున్నారు. సంఘంలో పవిత్రంగా బతకడం అన్న మాటకు తూనికరాయి ఇక్కడే ఉంది. తాగుడు మానడం కంటే ఇది బరువైన రాయి.

కాగితంలో ఏమని రాయాలి?

మరో పరీక్ష తహశీల్దారు కార్యాలయంలో ఎదురవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. ఆ హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తింపజేయలేదు. బాప్తిస్మం పొందిన దళితులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్‌కే పరిమితం.

దాంతో చాలా ఇళ్లలో పిల్లవాడికి గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. ఉన్నదున్నట్లు రాయిస్తే చదువుకు, ఉద్యోగానికి దారి ఇరుకవుతుంది. రాయించకపోతే ఆదివారం పలికే విశ్వాస ప్రమాణం గొంతులో అడ్డుపడుతుంది. ఊళ్లో మాత్రం అదే వాడ, అదే పిలుపు. మతం మారినా ఎదుటివారి చూపు మారలేదు. ఈ చిక్కులో ఉన్న తల్లిదండ్రులను పట్టుకుని విశ్వాసం లేనివారని తేలిగ్గా అనడానికి లేదు. అలాగని చిక్కు లేదని అనడానికీ లేదు.

అజరయ్య హయాంలో కట్టిన దోర్నకల్ పెద్ద గుడిని 1939లో ప్రతిష్ఠించారు. గుమ్మటాలు మసీదును, స్తంభాలు ఊరి దేవాలయ మండపాన్ని గుర్తుకు తెస్తాయి. మన నేల మీద, మన ఊరి మనుషుల మధ్య నిలబడే భక్తి కావాలన్నది ఆయన కోరిక. గుడి అలా నిలబడింది. మనుషులు నిలబడటం మాత్రం ఏ తరానికి ఆ తరం చేసుకోవలసిన పని.

ఆదివారం ఆరాధన ముగిశాక జనం చెప్పులు వేసుకుని ఇళ్లకు మళ్లుతారు. సోమవారం తెల్లవారుజామునే పొలానికి పోవాలి. అక్కడ పక్క గట్టు మీద, నిన్న చేయి కలిపిన మనిషే ఎదురుపడతాడు.