లౌడుస్పీకరునకు తగిన చోటు

వీణ కొన్నంతమాత్రమున వాదనము రాదు. విలువగల యంత్రము కొన్నంతమాత్రమున మంచి శ్రవణమును లభింపదు. గృహస్థు వేలకు వేలు వెచ్చించి రెండు లౌడుస్పీకర్లు తెచ్చును. ఒకటి బీరువా ప్రక్కను, వేరొకటి కిటికీ క్రిందను ఉంచును. గాయకుని గొంతు మసకబారినదని నిట్టూర్చి, అంతకంటె ప్రియమైన యంత్రమునకై బయలుదేరును. పెక్కుమార్లు దోషము యంత్రమునది కాదు, స్థానమునది.

గొంతు ఒక్కటియే కదా, పేటికలు రెండేల? ఆంగ్లేయుడైన ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లో స్టీరియో విధానమునకు పేటెంటు కోరెను. రెండు పేటికల నుండి సమానమైన నాదము ఒకే క్షణమున శ్రోతను చేరినచో, గాయకుడు ఆ రెంటి నడుమ, ఏమియు లేని చోట, కూర్చున్నట్లు తోచును. ఒక పేటిక దగ్గరైనచో ఆతడు ఆ వైపునకే ఒరిగిపోవును. కావున రెండు పేటికలును, శ్రోతయు సమబాహు త్రిభుజమునకు మూడు శీర్షములుగా నుండుట మేలు. పేటికల నడుమ ఆరడుగులున్నచో శ్రోతకును ఆరడుగులే. ఉచ్చస్వరములు పలుకు చిన్న స్పీకరు కూర్చున్నవాని చెవి ఎత్తున నుండవలెను.

ఇక గోడల సంగతి. మంద్రనాదము పేటిక నుండి నలుదిక్కులకు వ్యాపించి, గోడలను తాకి మరలివచ్చును. పేటికను మూలకు చేర్చినచో మృదంగమున ఎడమచేతి నాదము గాంభీర్యము కోల్పోయి వట్టి మ్రోతగా మిగులును. అంతేకాదు, ప్రతి గదికిని తన కొలతను బట్టి కొన్ని స్వరములపై పక్షపాతము కలదు. ఐదు మీటర్ల పొడవు గల గదిలో సెకనుకు సుమారు 34 కంపనములు గల నాదము ఇట్టిది. గోడ నానుకొన్నవానికి అది మిక్కుటముగా వినబడును; నట్టనడుమ కూర్చున్నవానికి బాగుగా సన్నగిల్లును. పేటికలను గోడకు రెండు మూడడుగుల ఎడముగా తెచ్చి, కొద్దికొద్దిగా జరుపుచు వినుటయే దీనికి ఉపాయము.

1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక ఉపన్యాసశాలలో మాటలు ప్రతిధ్వనులతో కలగాపులగమగుచుండగా, వాలెస్ సబైన్ దానిని చక్కదిద్ద పూనుకొనెను. నాటకశాల నుండి మెత్తలు తెప్పించి పరపించెను. మెత్తలు పెరిగినకొలది మ్రోత తగ్గెను. నాపరాళ్లు పరచిన మన ఇండ్లకును ఈ పాఠము వర్తించును. ఒక జంపఖానా, ఒక మందపు తెర, నిండుగా పుస్తకములున్న అలమార చాలును.

పరీక్షయు సులభమే. ఒంటిగొంతు పాట నొకదానిని పెట్టి కన్నులు మూసికొనవలెను. పాట నడిమి నుండి వచ్చుచున్నచో పని నెరవేరినట్లే. కీర్తిశేషులైన గాయకులు నేడు మనకు ధ్వనిముద్రణములలోనే మిగిలియున్నారు. వారిని ఇంటికి పిలిచి బీరువా చాటున కూర్చుండబెట్టుట మర్యాద కాదు.