క్షిపణి ల్యాబ్ నుంచి పిల్లల కాళ్లకు: ఫైబర్ భాగాలు ఇలా తయారవుతాయి

హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి ఎముకల డాక్టర్ ఒకరు ఒకరోజు అబ్దుల్ కలాం పనిచేసే క్షిపణి ప్రయోగశాలకు వచ్చారు. అక్కడున్న ఓ తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, వెంటనే కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ చిన్నపిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో కలాం బృందం 300 గ్రాముల కాలిపర్ చేసిచ్చింది. ఈ సంగతిని ఆయన తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

ఇంత తేలికైన వస్తువుకు అంత బలం ఎక్కడిది? గాజు లేదా కార్బన్ పోగులు లాగుడుకు తెగవు, కానీ విడిగా చూస్తే గుడ్డలా వాలిపోతాయి. రెసిన్ గట్టిదే, ఒంటరిగా ఉంటే పగులుతుంది. రెండూ కలిస్తే బరువును పోగులు మోస్తాయి, వాటిని రెసిన్ కదలకుండా పట్టి ఉంచుతుంది.

షుగర్ పుండు ముదిరి కాలు తీసేయాల్సి వచ్చినవాళ్లకు తొడిగే సాకెట్‌నే చూద్దాం. కృత్రిమ కాలిలో మిగిలిన కాలు దూరే గిన్నెలాంటి భాగం అది. ముందు తడి ప్లాస్టర్ పట్టీలతో కాలి అచ్చు తీస్తారు. అందులో ప్లాస్టర్ పోసి కాలి నమూనా చేస్తారు. ఎముక తగిలే చోట కాస్త ప్లాస్టర్ పెంచుతారు, బరువు ఆనాల్సిన చోట చెక్కుతారు. అసలు పనితనమంతా ఇక్కడే. ఇది తప్పితే ఎంత ఖరీదైన కార్బన్ వేసినా మనిషికి పుండు పడుతుంది.

నమూనాకు పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగి, దానిపై గాజు, కార్బన్ అల్లికలను మేజోళ్లలా పొరలు పొరలుగా వేస్తారు. పోగు తన నిడివి వెంటే బలం చూపిస్తుంది కాబట్టి పొరల దిశ మారుస్తారు. పైన ఇంకో సంచి వేసి, పంపుతో గాలి లాగేస్తూ, గట్టిపరిచే మందు కలిపిన రెసిన్ పోసి చేత్తో కిందికి నెడతారు. లోపల బుడగ మిగిలితే రేపు పగులు మొదలయ్యేది అక్కడే. కాసేపటికి రెసిన్ తనంతట తానే వేడెక్కి బిగుసుకుంటుంది. ఆపైన రంపంతో కోసి అంచులు నునుపు చేస్తారు. ఆ గాజు దుమ్ము ఊపిరికి మంచిది కాదు, మాస్క్ తప్పనిసరి.

ఇలా బిగిసిన రెసిన్ మళ్లీ కరగదు. ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో కాలు వాపు తగ్గి సన్నబడుతుంది, సాకెట్ వదులవుతుంది. అందుకే చాలాచోట్ల ముందు వేడి చేసి సరిచేయగల మామూలు ప్లాస్టిక్ సాకెట్ ఇచ్చి, కాలు కొలత కుదిరాకే ఫైబర్‌ది చేస్తారు.